ముందే చెప్పిన సాక్ష్యం

పైడితల్లి గడప బయటే నిలబడి అడిగి వెళ్ళిపోయిన మాటకు గురువమ్మ దగ్గర ఇంకా జవాబు లేదు.

“మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం సెప్పినావట వదినా, నీ తమ్ముణ్ణి క్షమించీసినానని. పేటంతా విన్నాది. ఆయనొక్కడికే ఎవులూ సెప్పలేదు. నువ్వొచ్చి ఆయన మొకమ్మీద ఒక్క మాట అను. కూడు మానీసినాడు. గోడేపు తిరిగి పడుకుంతన్నాడు. మనిసి దక్కేలా నేడు.”

పైడితల్లి భర్త సింహాద్రి గురువమ్మకు తోడబుట్టినవాడు కాదు. ఆమె భర్త తాతబాబు, సింహాద్రి చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అని పిలుచుకున్నారు. ఆ వరసన ఆమె అతనికి అప్ప, అంటే అక్క, అయింది. ఆమె కొడుకు తిమోతికి అతను మావ. వేసవిలో ప్రభుత్వం పెట్టే వేట నిషేధానికి ముందు ఆఖరి వేట నుంచి తిరిగి వస్తుండగా, అకాలపు గాలివానలో తిమోతి బోటు మీద నుంచి పడిపోయాడు. బోటు నడుపుతున్న సరంగు సింహాద్రి. అతను బోటు వెనక్కి తిప్పలేదు. తిప్పి ఉంటే అల అడ్డంగా కొట్టి మిగతావాళ్ళు కూడా పోయేవాళ్ళని ఫిషింగ్ హార్బర్‌లో అందరూ అన్నారు. యారాడ కొండ అవతల ఎక్కడో జరిగిందని కూడా అన్నారు. శరీరం దొరకలేదు. సమాధుల తోటలో తిమోతి పేరున ఒక్క అడుగు నేల కూడా తవ్వలేదు.

సాక్ష్యం చెప్పిన ఆ ఆదివారం గురువమ్మ అబద్ధం చెప్పాలని లేవలేదు. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకునేవాళ్ళు లేవవచ్చని పాస్టరు అయ్యగారు అన్నప్పుడు, ఎవరో వెనక నుంచి పట్టి లేపినట్టు లేచింది. క్షమించానని అనేసింది. ముందు నోటితో అంటే, మనసును దేవుడు ఆ వెనకాల తెచ్చి ఇస్తాడని నమ్మింది. మందిరమంతా స్తోత్రమంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు ఆ మీటింగులోనూ, ఆ తర్వాతి మీటింగులోనూ ఆమె పేరు చెప్పి ప్రసంగం చేశారు. మనసు మాత్రం రాలేదు.

అప్పటి నుంచి ఆమె, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చెయ్యి పెట్టడం మానేసింది. బల్ల రొట్టె చేసేది మాత్రం ఆమే. ఆ పని ఆమె చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. శనివారం సాయంత్రం పిండిలో ఈస్టు గాని, ఉప్పు గాని వెయ్యకుండా తడిపి, పలచగా ఒత్తి, పెనం మీద కాల్చి, అంచులు కోసి, తెల్లబట్టలో చుట్టి మందిరానికి పంపుతుంది. ఆదివారం ఆ రొట్టె ముక్కల పళ్ళెం వరస వెంబడి వచ్చినప్పుడు, తల వంచుకుని పక్కవాళ్ళకి అందిస్తుంది. ఆ కోసిన అంచులు తిమోతివి. చిన్నప్పుడు పెనం పక్కనే కాచుకుని కూర్చునేవాడు. పెద్దవాడై స్టీల్ ప్లాంట్లో అప్రెంటిస్‌కి వెళ్ళిన రోజుల్లోనూ, అక్కడ ఉద్యోగం రాక బోటెక్కిన తర్వాత కూడా, శనివారం ఇంట్లో ఉంటే తడిజుట్టుతో వంటింట్లోకి వచ్చి అంచులన్నీ ఏరుకు తినేవాడు. ఇప్పుడు అవి గిన్నెలో ఎండిపోతున్నాయి. పారబొయ్యడానికి ఆమెకు చెయ్యి రాదు.

“నాను సింహాద్రి ఇంటికి ఎల్తన్నాను,” అంది గురువమ్మ.

తాతబాబు అరుగు మీద వల పరుచుకుని చిరుగులు కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

“ఏటికి?”

“సెప్పాల్సింది సెప్పడాకి.”

“మందిరంలో సెప్పినావు. సాల్దా? మైకులో సెప్పినావు. సంద్రం దాకా వినపడ్డాది.”

“ఆడికి వినపళ్ళేదంట.”

“ఆడి పెళ్ళాం వొచ్చి ఏడిస్తే ఎల్లిపోతావా? మన గుంటడి కోసం ఆడు ఎనక్కి తిరిగినాడా?”

“నువ్వు సరంగువే కదా ఒకప్పుడు,” అంది ఆమె. “నువ్వైతే తిప్పీవోడివా?”

తాతబాబు చిరుగు మీద దారం బిగించి లాగాడు. ఆ లాగడంలో కోపమే ఉందని ఆమె అనుకుంది. చెప్పులు వేసుకుని దిగింది.

సింహాద్రి ఇల్లు దూరం కాదు. రెండు సందులు దాటి, చేపలు ఎండేసే స్థలం పక్క నుంచి వెళితే చాలు. ఆ కొద్ది దూరాన్ని ఆమె ఎంత నెమ్మదిగా నడవవచ్చో అంత నెమ్మదిగా నడిచింది. దేవుడి సాయం దారిలో దొరుకుతుంది గాని ఇంట్లో కూర్చున్నవాళ్ళ దగ్గరికి రాదని అయ్యగారు ఒకసారి అన్నారు. అందుకని నడుస్తూ లోపల వెతుక్కుంది. మొదటి సందు మలుపులో లేదు. ఐసు బండి అడ్డం వచ్చి ఆగినప్పుడు, ఇప్పుడేమైనా వచ్చిందా అని చూసుకుంది. లేదు. ప్రభువా, నా దగ్గర లేదని నీకు తెలుసు, నేను మాత్రం వెళ్తున్నాను, గుమ్మం దగ్గరికైనా అందించు అనుకుంది. గుమ్మం వచ్చేసింది.

పైడితల్లి ఆమెను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపలికి తిరిగి, “ఇటు సూడు, ఎవులొచ్చినారో,” అంది.

సింహాద్రి చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బోటు మీద నిలబడి అరిస్తే పక్క బోటువాళ్ళు ఉలిక్కిపడే మనిషి. ఇప్పుడు బనియను లోపల వీపు ఎముకలు కనిపిస్తున్నాయి. తలాపున అన్నం కంచం మూతపెట్టి ఉంది. అతను తిరిగి చూసి, లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చోమని అనలేదు. ఆమే గడప పక్కన కూర్చుంది.

పైన ఫ్యాను తిరుగుతూ ఉంది.

“సింహాద్రీ,” అంది గురువమ్మ. “నాను నిన్ను క్షమించినాను.”

“ఎవుళ్ళని?”

“నిన్నే.”

“ఫ్యాను స్విచ్చిని సూసి సెప్తన్నావప్పా. దాన్ని క్షమించినావు గావాల.” అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “నన్ను సూసి అను.”

ఆమె చూసింది. లోపలికి పోయిన కళ్ళు, తెల్లబడిన గడ్డం, పెదవి మీద చిన్నప్పుడు గాలం గుచ్చుకున్న మచ్చ. తిమోతి పుట్టినప్పుడు హార్బర్ అంతా తిరిగి మిఠాయి పంచింది ఈ మొహమే. కొడుకు బోటెక్కుతానన్నప్పుడు వద్దన్న ఆమెతో, నా కళ్ళ ముందే ఉంటాడు కదప్పా అన్నది కూడా ఈ నోరే. క్షమించానని మళ్ళీ అనబోయింది. గొంతు దాకా వచ్చింది ఆ మాట కాదు. నా కళ్ళ ముందే ఉంటాడన్నావే, ఏడీ అన్న మాట. దాన్ని మింగింది. మింగాక ఇంక ఏ మాటా మిగల్లేదు.

“నేదు కదా,” అన్నాడు సింహాద్రి మెల్లిగా. నింద లేదు అందులో.

“నేదు,” అంది గురువమ్మ.

పైడితల్లి తల పట్టుకుంది. “ఓలమ్మా! మరి మందిరంలో సెప్పినావంటన్నారు?”

“సెప్పినాను. సెప్తే వొత్తాదనుకున్నాను. దేవుడిత్తాడనుకున్నాను. ఇప్పుడూ దారంతా అడుక్కుంటానే వొచ్చినాను. గడప దగ్గరైనా ఇత్తాడేమోనని సూసినాను. ఇంకా ఇయ్యలేదు.”

“ఇయ్యకుండా మరెందుకొచ్చినావు వదినా?” పైడితల్లి గొంతులో కోపం, ఏడుపు కలిసిపోయాయి. “లేని మాట సెప్పి ఆయన్ని ఇంకా సంపడాకా?”

“ఇచ్చిన తర్వాత వొద్దామంటే, నాను ఈ జన్మలో రాను పైడితల్లీ. నా సంగతి నాకు తెలుసు. అందుకే ముందు వొచ్చినాను. కాళ్ళు నావి. అయ్యి తెచ్చినాను. మిగిలింది దేవుడు తేవాల.”

సింహాద్రి ఆమెను అలా చూస్తూ ఉండిపోయాడు. ఇన్ని రోజులుగా ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా, నీ తప్పేం లేదని ఒకరు, విధి రాత అని ఒకరు చెప్పి వెళ్ళారు. నీ మీద నాకు ఇంకా కోపం ఉందని, అయినా వచ్చానని చెప్పినది ఈమె ఒక్కతే. అతను చేయి చాపి, కంచం మీద మూత తీశాడు. చల్లారిన అన్నం ముద్ద ఒకటి కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలలేక నమిలాడు. పైడితల్లి గబగబా నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, వాళ్ళకు కనపడకుండా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

“అప్పా,” అన్నాడు అతను, ముద్ద దిగాక. “నువ్వు దేన్ని క్షమిద్దామని వొచ్చినావో నీకు తెలీదు.”

“బోటు తిప్పలేదు నువ్వు. తెలుసు.”

“అదే కాదు.” కంచం పక్కకి జరిపాడు. “ఆ సోటు నీకు సూపిత్తాను. అక్కడ నిలబడి అను, అనగలిగితే. ఇక్కడంటే నాకే వినపడతాది. ఆడికి కూడా వినపడాల.”

“నా కొడుకు నీళ్ళలో నేడు సింహాద్రీ. ప్రభువు దగ్గరున్నాడు.”

“నువ్వు నమ్మిందాన్ని నాను కాదన్ను. నాను సూసింది మాత్రం నీళ్ళలోనే.”

ఆమె కళ్ళు మూసుకుంది. ఇంతవరకు ఆమె ఏ నీళ్ళను తలుచుకుని ఏడవాలో ఎవరూ చూపించలేదు. సముద్రమంతా ఒక్కలాగే ఉంటుంది. గవర్నమెంటు బోటువాళ్ళు వెతికి వచ్చినప్పుడు కూడా, ఎక్కడెక్కడ వెతికారని అడిగితే కొండవైపు చెయ్యి ఊపారు. తల్లికి కొడుకు సమాధి లేకపోయినా, ఒక చోటు ఉండాలి.

“ఎలా ఎల్తాం?” అంది. “ఆడోళ్ళు తెప్పెక్కకూడదు కదా మీకు.”

“కూడదు.” అతను కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. “గంగమ్మకి నాను సెప్పుకుంతాను. నువ్వు నీ దేవుడికి సెప్పుకో.”

మర్నాడే వేట నిషేధం ఎత్తేసిన రోజు. తెల్లవారకుండానే హార్బర్ నిండిపోయింది. బోట్లకు బంతిపూల దండలు, పసుపు, కుంకుమ. ఐసు పెట్టెలు దించుతున్నవాళ్ళ అరుపులు, ఇంజన్ల పొగ. కొబ్బరికాయలు కొడుతున్న చప్పుడుకి కాకులు లేచి పోతున్నాయి. ఈ సందడిలో సింహాద్రి తన బావమరిది మోటారున్న ఫైబర్ తెప్పను జెట్టీ మెట్ల దగ్గరికి తెచ్చాడు. ఇన్ని రోజులకు ఇంటి బయట కనిపించిన సింహాద్రిని చూసి కొందరు చేతులెత్తి పలకరించారు. అతని వెనక తెల్లచీర కొంగు నిండా కప్పుకుని వస్తున్న గురువమ్మను చూసి ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి.

ముందుగా అరిచింది చేపల బుట్టలతో కూర్చున్న పోతమ్మ. “ఓరి సింహాద్రీ! మతి పోయినాదా నీకు? ఇయ్యాల పూజలు సేసుకుంతంటే ఆడదాన్ని తెప్పెక్కిత్తావా? ఏ బోటుకైనా ఏటైనా అయితే నీదే పాపం!”

“పాపం నాదే పిన్నీ,” అన్నాడు సింహాద్రి తాడు విప్పుతూ. “నా దగ్గర ఉన్నదానికి ఇది ఎక్కువ కాదులే.”

“గురువమ్మా, నువ్వైనా ఆగవే! కొడుకుని పోగొట్టుకున్నదానివి, నలుగురి ఉసురు పోసుకుంతావా?”

గురువమ్మ తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే ఆగిపోతానని తెలుసు. మెట్ల పైన, వల కట్టల పక్కన తాతబాబు నిలబడి ఉండటం మాత్రం కంటి కొసన కనిపించింది. అతను ఆపడానికి రాలేదు, పంపడానికీ రాలేదు.

ఆఖరి మెట్టు నాచుపట్టి ఉంది. నీళ్ళ ఊపుకు తెప్ప ఒకసారి మెట్టుకు తగులుతోంది, ఒకసారి దూరం జరుగుతోంది. మధ్య సందులో నల్లటి నీళ్ళు తెరుచుకుని మూసుకుంటున్నాయి. ఆమె పుట్టి పెరిగింది ఈ ఒడ్డునే. తండ్రి, భర్త, కొడుకు ఎక్కినదాన్ని ఆమె ఒక్కసారి కూడా ఎక్కలేదు.

సింహాద్రి తెప్పలో నిలబడి చెయ్యి చాపాడు.

“పట్టుకో అప్పా.”

ఆ చెయ్యి పట్టుకోకుండా ఎక్కడానికి మరో దారి లేదు. ఆమె అటూ ఇటూ చూసింది. పట్టుకోవడానికి కర్ర లేదు, గుంజ లేదు. ఆ రోజు చుక్కాని మీద ఉన్న చెయ్యి అది. తిప్పి ఉండవలసిన చెయ్యి. గరుకుగా, బొబ్బలు మానిన మచ్చలతో, గాలిలో ఆమె కోసం ఆగి ఉంది.

ప్రభువా, అనుకుంది గురువమ్మ. ఆ ఒక్క పిలుపు తర్వాత ఏమడగాలో తోచలేదు. ప్రేమను అడిగి అడిగి అలిసిపోయింది. దయ కూడా అడగలేదు. పడకుండా చూడు, అంది చివరికి. అంతే అడిగింది.

చెయ్యి పట్టుకుంది.

అతను లాగాడు. ఒక క్షణం ఆమె కింద నేలా లేదు, తెప్పా లేదు. తర్వాత పాదాల కింద ఊగుతున్న చెక్క తగిలింది. పైన ఎవరో అయ్యో అన్నారు. మోటారు పక్కన అడ్డచెక్క మీద ఆమెను కూర్చోబెట్టి, సింహాద్రి ఒంటి చేత్తో మోటారు లాగాడు. రెండో చెయ్యి ఆమె పట్టులోనే ఉండిపోయింది. తెప్ప ఊగినప్పుడల్లా ఆమె పట్టు బిగిసింది.

జెట్టీ వెనక్కి పోయింది. దండలు కట్టిన బోట్ల మధ్య నుంచి తెప్ప సాగింది. ఎవరూ పలకరించలేదు. ఒక బోటు మీద పూజ చేస్తున్న ముసలాయన వాళ్ళను చూసి మొహం తిప్పుకున్నాడు. ఎదురుగా హార్బర్ నోరు కనిపిస్తోంది, రెండువైపులా బండరాళ్ళ గట్లు, మధ్యలో బయటికి దారి. దాన్ని దాటితే కుడిచేతి వైపు యారాడ కొండ. ఆ కొండ చుట్టి వెళ్ళాలి. ఎంతసేపు పడుతుందో అనుకుంటూ ఆమె కొండనే చూస్తూ ఉంది.

గట్ల మధ్యకి రాగానే సింహాద్రి మోటారు ఆపేశాడు.

ఒక్కసారిగా నిశ్శబ్దం. రాళ్ళకు నీళ్ళు తగిలే చప్పుడు మాత్రం.

“పాడైపోయినాదా?” అంది ఆమె.

అతను తల ఊపాడు, కాదన్నట్టు. ఆమె వైపు కాదు, నీళ్ళ వైపు చూస్తున్నాడు.

“ఇక్కడే అప్పా.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూసింది. జెట్టీ కనిపిస్తోంది. మెట్ల మీద, వెనకాలే వచ్చి నిలబడిన పైడితల్లి చీర రంగు కనిపిస్తోంది. పోతమ్మ బుట్టలు కూడా కనిపిస్తున్నాయి. కేక వేస్తే వినపడేంత దగ్గర.

“కొండ అవతల అన్నారు,” అంది.

“కొండ అవతల కాదు. అక్కడ నుంచి బతికొచ్చేసినాం. ఒడ్డు సూసి ఆడు నవ్వినాడు, మావా ఇంటికొచ్చేసినాం అని. తాడు సర్దుదామని ఎనక్కి ఎల్లినాడు. ఈ నోట్లోకి వొచ్చినప్పుడు అల లేపి కొట్టినాది. ఇటు తిప్పితే రాళ్ళు, అటు తిప్పితే రాళ్ళు. నాను తిప్పలేదు. లోపలికొచ్చి, బోటు కట్టి, తెప్ప తీసుకుని మళ్ళీ వొచ్చినాం. వొచ్చేసరికి ఆడు నేడు.” ఖాళీగా ఉన్న చేత్తో జెట్టీ వైపు చూపాడు. “నువ్వు రోజూ ఈ జెట్టీకి సేపలకొత్తావు. ఇదే నీళ్ళు సూసుకుంటా ఎలా బతుకుతాదని, దూరం అని సెప్పమన్నారు. బోటు మీదున్నోళ్ళం అందరం ఒప్పుకున్నాం. దొరకని సోట ఎతికించినాం కూడా. దానికి నా కాడ జవాబు నేదు.”

“ఎవులు సెప్పమన్నారు?”

సింహాద్రి ఆమె పట్టులో ఉన్న చెయ్యిని లాక్కోబోయాడు, ఇక దాన్ని పట్టుకోదని తనకు తెలిసినట్టు.

గురువమ్మ వదల్లేదు. అది క్షమాపణో, నీళ్ళంటే భయమో ఆమెకు తెలియలేదు. తెలియకుండానే పట్టుకుని ఉంది. తెప్ప ఊగింది. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది.

“సెప్పు తమ్ముడా,” అంది. “ఎవులు?”

అతను తల ఎత్తి, ఆమె భుజం మీదుగా జెట్టీ మీద వల కట్టల వైపు చూశాడు. ఆమె కూడా తిరిగి చూసింది. వల కట్టల పక్క నుంచి తాతబాబు కదిలాడు. మెట్లు దిగుతున్నాడు. ఆఖరి మెట్టు దగ్గర కూడా ఆగకుండా నీళ్ళలోకి దిగాడు.